వెనకసందులో స్ప్రింగు ఫోర్కులు

స్ప్రింగు ఫోర్కు వల్ల కుదుపు తగ్గుతుందని నిజంగా నమ్మినవాళ్లని షికాగోలో నేను చూడలేదు. అమ్మే షాపాయన నమ్మలేదు, కొనే పిల్లలూ నమ్మలేదు. మా పై వాటాలో ఉండే పోలిష్ పెద్దాయన ష్విన్ సైకిళ్ల ఫ్యాక్టరీలోనే వెల్డింగు పని చేసేవాడు. ఆయన్ని అడిగితే "బండికి బరువు, నాకు జీతం" అనేవాడు. అయినా 1970లలో మా పేటలో పన్నెండేళ్ల కుర్రాడి పరువంతా సైకిలు మెడ ముందు తళతళలాడే ఆ స్ప్రింగు మీదే ఉండేది. అది లేనివాడు ఉన్నవాడి వెనక తొక్కాలి. అదీ రివాజు.

1965లో అమెరికా వలస చట్టం మారాక మన ఇంజనీర్లు, డాక్టర్లు వరసకట్టారు. ఆ వరసలో తెనాలి నుంచి నేనూ వచ్చి, షికాగో వాయవ్యాన అచ్చులూ పనిముట్లూ తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో లేతుల దగ్గర కుదిరాను. ఆ తర్వాత మా ఆవిడా, పిల్లవాడూ వచ్చారు. కింద మేము, పైన పెద్దాయన. రెండు వాటాల ఇటుక ఇల్లు. షికాగో ఇళ్లకి వెనకసందు ఉంటుంది. ముందువైపు గడ్డి, మెట్లు, మర్యాద. కార్ల షెడ్లు, చెత్తడబ్బాలు, కరెంటు స్తంభాలు, తగాదాలు, పిల్లలు అన్నీ వెనక. వేసవి సెలవుల్లో పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ సందు నిండా సైకిళ్లు తలకిందులుగా నిలబెట్టి ఉండేవి. సీటూ హ్యాండిలూ నేల మీద, చక్రాలు పైకి. ఒకడి చేతిలో పానా, ఇంకొకడి చేతిలో వాళ్ల నాన్నకి తెలియకుండా ఎత్తుకొచ్చిన సుత్తి.

నాకు సైకిళ్లకన్నా ఆ పిల్లల ధైర్యం వింతగా ఉండేది. తెనాలిలో మా నాన్నగారి ర్యాలీ సైకిలు నట్టు మీద చెయ్యి వేస్తే వీపు పగిలేది. సైకిలంటే ఆస్తి. దానికి మునిసిపాలిటీ పన్ను, పన్ను కట్టినట్టు ఒక బిళ్ల. చీకటి పడ్డాక దీపం లేకుండా తొక్కితే పోలీసు ఆపి చక్రాల్లో గాలి తీసేసేవాడు. పానా పట్టే హక్కు సైకిలు షాపాయన ఒక్కడికే. పదేళ్లు తొక్కినా మా నాన్నగారి సైకిలు కొన్ననాటి రూపంలోనే ఉండేది, ఉండాలి కూడా. స్ప్రింగులు మన సైకిళ్లకీ ఉన్నాయి, కాకపోతే తోలు సీటు కింద. మా ఆవిడ స్ప్రింగు ఫోర్కుని మొదటిసారి చూసినప్పుడు, "ఏమండీ, కుదుపు తగిలేది నడుముకి కదా, వీళ్లేంటి స్ప్రింగు తీసుకెళ్లి చక్రానికి పెట్టారు?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు ష్విన్ కంపెనీ పుట్టుపూర్వోత్తరాల్లో ఉంది. ఇగ్నాజ్ ష్విన్ అనే జర్మన్ మెకానిక్కు, అడాల్ఫ్ ఆర్నాల్డ్ అనే పెట్టుబడిదారుడితో కలిసి 1895లో షికాగోలో సైకిళ్ల కంపెనీ పెట్టాడు. తర్వాత ఎక్సెల్సియర్, హెండర్సన్ అనే మోటారుసైకిలు కంపెనీలు రెండూ కొన్నాడు. ఆర్థికమాంద్యం దెబ్బకి 1931లో మోటారుసైకిళ్లు మూసేసి మళ్లీ సైకిళ్ల మీదే పడ్డారు. అప్పటికి అమెరికాలో పెద్దవాళ్లు కార్లెక్కేశారు. మిగిలింది పిల్లలు. పిల్లలకి కావలసింది మోటారుసైకిలు, కొనగలిగింది సైకిలు. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని సొమ్ము చేసుకున్నవాడు ఇగ్నాజ్ కొడుకు ఫ్రాంక్ ష్విన్. 1933లో రెండంగుళాల పైచిలుకు వెడల్పున్న బెలూన్ టైరు తెచ్చాడు. ఫ్రేము మధ్య పెట్రోలు పొయ్యని పెట్రోలు ట్యాంకు పెట్టి, అందులో బ్యాటరీలూ హారనూ దాచాడు. 1938లో స్ప్రింగు ఫోర్కు తెచ్చాడు. అసలు సంగతేమిటంటే అప్పటికే కుదుపుల్లో చాలామటుకు ఆ లావు టైరు మింగేసింది. స్ప్రింగుకి మిగిలిన పని మోటారుసైకిల్లా కనబడటమే. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద మోటారుసైకిళ్లకి 1948 దాకా ముందు భాగాన స్ప్రింగులే కనబడేవి. వీధిలో వాటిని చూసి లొట్టలేసిన పిల్లవాడికి అచ్చం అలాంటిదే కాళ్లతో తొక్కేది దొరికిందన్నమాట.

పోటీ కంపెనీలు ఊరుకుంటాయా? మొనార్క్ వాళ్లు ఒకటికి రెండు స్ప్రింగులు పెట్టారు. రోడ్‌మాస్టరు వాళ్లు ఇంకో రకం తెచ్చారు. 1949లో ష్విన్ 'బ్లాక్ ఫాంటమ్' దింపింది. నల్లరంగు, ఎక్కడ చూసినా క్రోము, ట్యాంకులో హారను, వెనక లైటు, ముందు స్ప్రింగు. పదేళ్లు నడిచిందది. మా పై వాటా పెద్దాయన ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో లైను మీద ఉన్నది అదేనట. ఆ పేరెత్తితే మాత్రం బరువూ జీతం అనే పాట పక్కనపెట్టి కుర్చీ ముందుకి లాక్కునేవాడు.

ఆ ఫోర్కు లోపలి సంగతి నాకు మా షెడ్డులో ఒక ఆదివారం ఆయనే విప్పి చూపించాడు. మామూలు సైకిలుకి ఫోర్కూ, మెడగొట్టంలోకి వెళ్లే కాడా ఒకే ముక్క. దీనికి రెండూ వేరు. కాడ అడుగున అడ్డంగా ఒక బోల్టు, ఫోర్కు కాళ్లు రెండూ ఆ బోల్టు మీద కీలు తిరిగినట్టు కదులుతాయి. మెడకి ముందు లావాటి తీగతో చుట్టిన ఒక్క స్ప్రింగు నిటారుగా నిలబడి ఉంటుంది. చక్రం గుంటలో పడినప్పుడు కాళ్లు ఆ కీలు మీద జరుగుతాయి, ఆ కదలిక వెళ్లి స్ప్రింగుని నొక్కుతుంది. అంతే. నూనె లేదు, గాలి లేదు. కదలిక కూడా బెత్తెడు కాదు, వేలి మందం. బిగించి ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. ఆ అడ్డబోల్టు చుట్టూ ఉన్న బుష్షులు అరిగాయంటే మాత్రం బ్రేకు వేసినప్పుడల్లా ముందు చక్రం టక్కుమని వెనక్కి జరిగి, వదలగానే మళ్లీ టక్కుమంటుంది. మా సందులో ఎవడి సైకిలొస్తోందో ఆ టక్కులు విని వంటింట్లోంచే మా ఆవిడ చెప్పేది.

ఆ బుష్షుల వల్లే నేను పిల్లల జట్టులో చేరాను. ఒక కుర్రాడు అరిగినదాన్ని చేతిలో పట్టుకుని మా మెట్ల దగ్గర నిలబడి, కొత్తది షాపులో ఎంత చెబుతున్నాడో చెప్పి మొహం వేలాడేశాడు. మా కార్ఖానాలో తుక్కుపెట్టె నిండా గన్‌మెటల్ ముక్కలే. మధ్యాహ్నం తిండి వేళ లేతు మీద రెండు బుష్షులు తీసి తెచ్చిచ్చాను. మర్నాటికి నలుగురు వచ్చారు. మా ఫోర్‌మన్ ఒకరోజు నా వెనక వచ్చి నిలబడి, కొలత చూసి, "లోపల నూనె పోవడానికి ఒక గాడి కూడా తియ్యి" అని వెళ్లిపోయాడు. ఆయనకీ చిన్నప్పుడు ఒకటి ఉండేదని తర్వాత తెలిసింది.

ఇక్కడ అల్ ఫ్రిట్జ్ గురించి చెప్పాలి. ష్విన్ ఫ్యాక్టరీలో మామూలు పనివాడిగా చేరి పెద్ద పదవికి ఎదిగినవాడు. కాలిఫోర్నియాలో పిల్లలు చిన్న సైకిళ్లకి పొడుగాటి సీట్లూ, కొమ్ముల్లా పైకి లేచిన హ్యాండిళ్లూ తమంతట తామే బిగించుకుంటున్నారని 1962లో ఆయన చెవిన పడింది. పై అధికారులు నవ్వారట. ఆయన నవ్వకుండా అలాంటిదే ఫ్యాక్టరీలో చేయించి 1963లో 'స్టింగ్ రే' అని పేరుపెట్టి వదిలాడు. ఇరవై అంగుళాల చక్రాలు, అరటిపండు ఆకారపు సీటు, 49 డాలర్ల 95 సెంట్లు. దేశమంతా ఎగబడింది. 1968లో దానికే ఇంకా మసాలా దట్టించి 'క్రేట్' అనే వరస తెచ్చారు. ఆరెంజ్ క్రేట్, యాపిల్ క్రేట్, లెమన్ పీలర్, పీ పికర్. పండ్ల రంగులు, కూరగాయల రంగులు. ముందు పదహారు అంగుళాల బుల్లి చక్రం, దానికి డ్రమ్ము బ్రేకు, ఆపైన స్ప్రింగు ఫోర్కు. వెనక నున్నటి లావు టైరు. అడ్డరాడ్డు మీద కారుకి ఉన్నట్టు గేరు కర్ర. చూస్తే ఒళ్లు మరిచిపోతాం, తొక్కితే ఒళ్లు హూనం. ఎదురుగాలిలో ఆ బండిని ఒక మైలు తొక్కిన పిల్లవాడికి ఇంటికొచ్చాక ఎంత తిండి పెట్టినా చాలేది కాదు.

సందులో పిల్లలు కనిపెట్టినదాన్ని కంపెనీ ఎత్తుకెళ్లి, క్రోము పూసి, వాళ్లకే అమ్మింది. నాకది దొంగతనంలా ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే పిల్లలు అక్కడితో ఆగలేదు. కొన్న క్రేటుని మళ్లీ విప్పి ఇంకోటి చేశారు.

మావాడికి క్రేటు కొనిచ్చే స్తోమత నాకు లేదు. రంగు వెలిసిన స్టింగ్ రే ఒకటి పాతది కొన్నాను. దానికి మామూలు ఫోర్కు. వాడు నోరెత్తి అడగలేదుగాని, షికాగో డైలీ న్యూస్ వెయ్యడానికి కుదిరాడు. అది సాయంత్రం పేపరు. బడి వదలగానే మూలమీద కట్టలు దింపి వెళ్లేవారు. పిల్లలు వాటిని మడిచి, రబ్బరు బ్యాండు వేసి, హ్యాండిలుకి తగిలించిన గుడ్డసంచిలో కుక్కి, ఇంటింటి వరండాలోకీ గురిచూసి విసిరేవారు. మంచులో కూడా. మా అమ్మ ఉత్తరంలో ఆ సంగతి చదివి, "కొడుకుని పేపర్లబ్బాయిని చేశావట్రా, నలుగురూ వింటే ఏమనుకుంటారు" అని రాసింది. ఆమెకి ఎలా చెప్పను, మా పక్కింటి డెంటిస్టు కొడుకు కూడా అదే పని చేస్తున్నాడని? ఆ పేపరు 1978 మార్చిలో మూతపడింది. మిగిలిన పొద్దుటి పేపర్లని నెమ్మదిగా కార్లలో తిరిగే పెద్దవాళ్లు వెయ్యడం మొదలెట్టారు. పన్నెండేళ్లవాడు తన చెమటతో నాలుగు డాలర్లు సంపాదించే దారి అలా మూసుకుపోయింది.

మావాడు పేపరు డబ్బులతో కొన్నది సైకిలు షాపు వెనకగదిలో తుక్కులో పడి ఉన్న పాత స్టింగ్ రే స్ప్రింగు ఫోర్కు. క్రోము మీద తుప్పు చుక్కలు, బుష్షులు లేవు, స్ప్రింగు మాత్రం గట్టిగా ఉంది. తుప్పు వదిలించే ఉపాయం వాళ్ల జట్టుకి తెలుసు. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దితే క్రోము గీతలు పడకుండా తుప్పంతా నల్లటి మడ్డిగా దిగుతుంది. మా ఆవిడ రేకు చుట్ట ఒకటి పూర్తిగా అయిపోయింది. ఆ సాయంత్రం భోజనానికి కూర్చున్నప్పుడు వాడి గోళ్లలో నలుపు చూసి ఆమె ఏదో అనబోయి, నావైపు చూసి ఊరుకుంది. నా గోళ్లూ అలాగే ఉన్నాయి మరి.

అంతకన్నా సాహసం చేసేవాళ్లు ఇంకో రకం. 'ఈజీ రైడర్' సినిమా 1969లో వచ్చాక పొడుగు ఫోర్కుల మీద పిచ్చి పట్టుకుంది. చెత్తబండికి పోయే సైకిలు ఏదైనా దొరికితే దాని ఫోర్కు కాళ్లని హాక్సాతో కోసి, తమ ఫోర్కు కాళ్ల చివర తొడిగి సుత్తితో దిగ్గొట్టేవారు. బండి ముక్కు పైకి లేచి, కుర్రాడు రాజుగారిలా వెనక్కి వాలి తొక్కేవాడు. మా పెద్దాయన దాన్ని చూసి తల పట్టుకునేవాడు. వెల్డు చెయ్యమంటే చెయ్యడు. "నేను అతికాక విరిగితే అది నా వెల్డు విరిగినట్టు" అనేవాడు. అతుకు దగ్గర అడ్డంగా బెజ్జం వేసి బోల్టు పెట్టుకొమ్మని మాత్రం చెప్పాడు. కొందరు విన్నారు. వినని ఒకడు, ఈవల్ నీవల్ మోటారుసైకిలు దూకుళ్లు టీవీలో చూసి, చెక్క వాలు వేసుకుని గాల్లోకి లేచాడు. అతను నేలకి దిగేలోపే ముందు చక్రం విడిగా దిగింది. మెడ కింది ఎముక విరిగింది. కట్టు విప్పకముందే సందులోకొచ్చి ఒంటిచేత్తో తర్వాతిది కోస్తున్నాడు.

ఇలాంటివాటి మీద ప్రభుత్వం కన్ను పడటంలో తప్పేమీ లేదు. వినియోగ వస్తువుల భద్రతకని 1972లో పెట్టిన కమిషను సైకిళ్లకి నియమాలు రాసింది. అడ్డరాడ్డు మీద పొడుచుకొచ్చే గేరు కర్రలకి కాలం చెల్లింది. క్రేటు వరస 1973తో ఆగిపోయింది. పిల్లల మోజు కూడా కాలిఫోర్నియా మట్టిబాటల మీద పుట్టిన బీఎంఎక్స్ వైపు మళ్లింది. దానికి స్ప్రింగు లేదు, తేలిక. నిజం చెప్పాలంటే అది మంచి సైకిలు. ష్విన్ మాత్రం ఆ మోజుని మొదట్లో పట్టించుకోలేదు.

ఫ్యాక్టరీ కథ త్వరగా చెప్పేస్తాను, చెప్పడం నాకు ఇష్టం లేదు. 1980లో కార్మికులు ఆటో కార్మికుల యూనియన్‌లో చేరారు. ఆ శరదృతువులో సమ్మె, 13 వారాలు. మా పెద్దాయన అట్టముక్క మెడలో వేసుకుని గేటు దగ్గర నిలబడి, రాత్రికి చలికి వణుకుతూ వచ్చేవాడు. మా ఆవిడ చారు కాచి పైకి పంపేది. ఆయన దాన్ని మిరియాల సూపు అనుకుని తాగేవాడు. కంపెనీ మిసిసిపీలో ఇంకో ఫ్యాక్టరీ తెరిచింది, తైవాన్‌కి ఆర్డర్లు పెంచింది, 1983లో షికాగో ఫ్యాక్టరీని మూసేసింది. 1992లో కంపెనీయే దివాలా తీసింది. మేముండే పేటలో, నడిచి వెళ్లేంత దూరంలో తయారైన వస్తువుని అదే పేట పిల్లలు తొక్కడం, పాడైతే దాన్ని చేసినవాణ్నే పిలిచి అడగడం 1983తో సరి.

ఇప్పుడు ఆ సైకిళ్లకి సంతలున్నాయి. మిషిగన్‌లో ఆన్ ఆర్బర్ ఊళ్లో వసంతంలో జరిగిన సంతకి మావాడు నన్నొకసారి తీసుకెళ్లాడు. ఎక్కడ చూసినా అరవై దాటినవాళ్లు, ఒకప్పటి సందుల్లోని పిల్లలే. అక్కడ ధర చెప్పే పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంటే వేల డాలర్లు. ఒక నట్టు మారితే తగ్గుతుంది, రంగు మళ్లీ వేస్తే సగం పోతుంది, ఫోర్కు కోస్తే తుక్కు ధర. అంటే వర్షంలో తడవనివ్వకుండా, స్నేహితుడికి ఇవ్వకుండా, విప్పి చూడకుండా షెడ్డులో దాచుకున్న బుద్ధిమంతుడి సైకిలుకే విలువ. మా నాన్నగారు బతికి ఉండి ఆ సంతకి వస్తే ఆయన ర్యాలీని చూసి అందరూ దణ్ణం పెట్టేవారు! పిల్లలు నిజంగా తొక్కి, కోసి, అతికిన వాటికి అక్కడ బల్ల మీద చోటు కూడా లేదు. ఆ సంతలో తిరుగుతున్నంతసేపూ నాకు ఎవరి బాల్యాన్ని అమ్ముతున్నారో అర్థం కాలేదు.

కొత్త స్ప్రింగు ఫోర్కులూ దొరుకుతున్నాయి. తైవాన్, చైనాల నుంచి వచ్చేవి, ఎక్కువగా మొనార్క్ రెండు స్ప్రింగుల పోలికలో. లాస్ ఏంజెలెస్ మెక్సికన్ కుర్రాళ్లు వాటి చువ్వల్ని చెరుకుగడ మెలిపెట్టినట్టు మెలితిప్పి, చక్రానికి 144 పుల్లలు వేసి, నేలకి తాకేలా సైకిలు కట్టి ప్రదర్శనలకి తెస్తారు. అందం ఉంది, కాదనను. తొక్కడానికి కాదవి.

తొక్కేవాళ్లని చూడాలంటే మా పాత పేటకి కాస్త దూరంలో ఉన్న హంబోల్ట్ పార్కుకి వెళ్లాలి. ప్యోర్టో రికో నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల పేట. వాళ్లలో పాత ష్విన్ సైకిళ్ల క్లబ్బులున్నాయి. జూన్‌లో వాళ్ల ఊరేగింపు రోజున డివిజన్ స్ట్రీట్ మీద జెండాలు, అద్దాలు, పాటల పెట్టెలు కట్టుకుని బారుగా తొక్కుకుంటూ వస్తారు. మావాడు ఒకాయన్ని ఆపి ఫోర్కు ఏ సంవత్సరానిదని అడిగాడు. ఆయన వేలుపెట్టి ఒక్కొక్కటే చూపించాడు. కాళ్లు ఫాంటమ్‌వి, స్ప్రింగు క్రేటుది, బోల్టు హార్డ్‌వేరు షాపుది, క్రోము రెండుసార్లు పోయించాడు. బ్రేకు వేసి చూపించాడు. టక్కుమంది. బుష్షులు దొరకడం లేదన్నాడు, దొరికినవి నెలలోనే లూజవుతున్నాయన్నాడు.

నేను రిటైరై చాలా కాలమైంది, లేతు లేదు. కానీ మా ఇంట్లో కాఫీడబ్బాలో ఒక జత మిగిలింది, నూనె గాడి తీసినదే. మావాడు అడ్రసు రాసుకుని, సాయంత్రమే తెచ్చిస్తానని మాటిచ్చేశాడు. కారెక్కాక, "ఉన్నదంతా ఇచ్చేస్తే ఎలారా, నీకు ఉంచుకోవద్దూ?" అన్నాను.

"బిగించుకోడానికి నా ఫోర్కేది నాన్నా? నేను కాలేజీకెళ్లిన ఏడే అమ్మ గరాజ్ సేల్‌లో పెట్టేసిందిగా, మూడు డాలర్లకి" అన్నాడు.

వెనకసీట్లోంచి మా ఆవిడ, "నాలుగు" అంది.